అక్రాలో ఒక సమాధి, రెండు విగ్రహాలు

ఘనాకు స్వాతంత్ర్యం తెచ్చిన నాయకుణ్ణి గద్దె దింపిన సైనికాధికారి పేరు పెట్టుకున్న విమానాశ్రయంలో దిగాం. అక్కడి నుంచి కారెక్కి ఆ నాయకుడి సమాధి చూడటానికి వెళ్ళాం. రాజధాని అక్రా వాసులకు ఇందులో వింతేమీ కనిపించదు. 1966 ఫిబ్రవరి 24న క్వామే ఎన్‌క్రుమా ప్రభుత్వాన్ని కూల్చిన వారిలో కొటోకా ముఖ్యుడు. ఏడాది తిరిగాక, 1967 ఏప్రిల్‌లో, మరో తిరుగుబాటు ప్రయత్నంలో ఆయననూ చంపేశారు. చంపిన చోటు విమానాశ్రయం ముంగిటే కనుక దానికి ఆ పేరు వచ్చింది. మార్చాలన్న వాదన చాలా ఏళ్ళు నడిచింది. మేము దిగినప్పుడు మాత్రం బోర్డు మీద కొటోకాయే ఉన్నాడు.

ఈ సంగతి తెలిసి వెళితే క్వామే ఎన్‌క్రుమా స్మారక ఉద్యానం బాగా బోధపడుతుంది. తెలియక వెళితే అదొక పాలరాతి కట్టడం, ముందు కాసిని ఫౌంటెన్లు, ఫొటోలకు అనువైన పచ్చిక. మా మేనల్లుడు అక్రా పక్కనున్న రేవు పట్టణం టేమాలో ఒక కర్మాగారంలో ఉద్యోగం చేస్తున్నాడు. ఇండియా నుంచి ఎవరు వచ్చినా వాడూ వాడి స్నేహితులూ ఈ పార్కుకు తీసుకువెళ్ళి, అరగంటలో ఫొటోలు తీయించి, అట్నుంచి అటే సముద్రం ఒడ్డుకు తీసుకుపోతారట. "అంతకంటే అక్కడేముంది అత్తయ్యా?" అన్నాడు. ఏముందో చెప్పటానికే ఇది రాస్తున్నాను. బసలు, భోజనాలు, బళ్ళ సంగతులు చివర వస్తాయి. అవి మాత్రమే కావలసినవారు నేరుగా అక్కడికే వెళ్ళవచ్చు, నేనేమీ అనుకోను.

విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి వచ్చే లిబరేషన్ రోడ్డు మీద, ఇక్కడి పెద్ద జాతి అయిన అకాన్‌ల రాజులు కూర్చునే పీట ఆకారంలో ఒక పెద్ద భవనం కనిపిస్తుంది. అది అధ్యక్షుడి కార్యాలయం, జూబిలీ హౌస్. భారత ప్రభుత్వం ఇచ్చిన రుణంతో మన షాపూర్‌జీ పల్లోంజీ సంస్థ కట్టి 2008లో అప్పగించింది. ఎన్‌క్రుమా అధ్యక్షుడిగా నివసించిన ఫ్లాగ్‌స్టాఫ్ హౌస్ ఆ ప్రాంగణంలోదే. ఫొటో తీయబోతే మా డ్రైవరు గట్టిగా వారించాడు. కాపలా వాళ్ళతో పేచీ ఎందుకని నేనూ ఫోను సంచిలో పెట్టేశాను.

పార్కు హై స్ట్రీట్‌లో, సముద్రానికి కూతవేటు దూరంలో ఉంది. మొత్తం 5.3 ఎకరాలు. హుస్సేన్‌సాగర్ ఒడ్డున స్మారకాలు చూసిన మన కళ్ళకు చిన్నదే. అయితే ఈ నేలకు ఒక కథ ఉంది. బ్రిటిష్ కాలంలో ఇది తెల్లవారు పోలో ఆడుకున్న మైదానం, నల్లవారికి ఇక్కడ చోటు లేదు. 1957 మార్చి 5 అర్ధరాత్రి దాటి 6వ తేదీ వస్తూండగా ఇదే మైదానంలో వేదిక వేసి, ఎన్‌క్రుమా స్వాతంత్ర్యాన్ని ప్రకటించాడు. సహారాకు దక్షిణాన వలస పాలన నుంచి బయటపడిన తొలి ఆఫ్రికా దేశాల్లో ఘనా ఒకటి. ఆ రాత్రి ఆయనా ఆయన సహచరులూ సూటుబూట్లు మానేసి, ఉత్తర ప్రాంత రైతులు వేసుకునే చేనేత అంగీలు వేసుకున్నారు. తల మీది టోపీలపై 'పీజీ' అని కుట్టించుకున్నారు. చదువుల పట్టా అనుకునేరు, అది జైలు పట్టా! స్వాతంత్ర్యం కోసం జైలుకు వెళ్ళి వచ్చినవారమని ఆ రెండక్షరాల అర్థం. ఆఫ్రికా మొత్తం విముక్తి కాకపోతే ఘనా స్వాతంత్ర్యానికి అర్థం లేదని ఎన్‌క్రుమా ఆ వేదిక మీదే అన్నాడు.

ఆయన నిలబడి మాట్లాడిన చోట ఇప్పుడు నిలువెత్తు కంచు విగ్రహం ఉంది. ఒక చెయ్యి ముందుకు చాచి, అడుగు వేయబోతున్నట్టు ఉంటుంది. దానికి రెండు వైపులా నీళ్ళ తొట్లలో కొమ్ములు ఊదుతున్న వాద్యకారుల బొమ్మలు, వైపుకు ఏడు చొప్పున. రాజు వస్తున్నాడని చాటే అకాన్ పద్ధతి అది. విగ్రహం వెనుక సమాధి మందిరం. డాన్ ఆర్థర్ అనే ఘనా వాస్తుశిల్పి రూపకల్పన చేశాడు. ఇటలీ పాలరాయి తొడిగిన ఆ కట్టడం నేల దగ్గర వెడల్పుగా మొదలై పైకి సన్నబడి, చివరకు మొండిగా ఆగిపోతుంది. కొసన నల్లని నక్షత్రం. దాని ఆకారానికి రెండు అర్థాలు చెబుతారు. ఒకటి, తలకిందులు చేసి నేలలో గుచ్చిన కత్తులు, అంటే యుద్ధం ముగిసింది, ఇక శాంతి. రెండోది, నరికిన చెట్టు మొదలు, అంటే ఆఫ్రికా ఐక్యత అనే పని పూర్తికాకుండానే ఆ మనిషి పోయాడని. మాకు దొరికిన గైడు కుర్రవాడు మొదటిది చెప్పి ఊరుకున్నాడు. రెండోది గుచ్చి అడిగితే నవ్వి, "అది మా అమ్మమ్మ చెప్పే అర్థం, ఆంటీ" అన్నాడు. నాకూ అమ్మమ్మ చెప్పినదే నచ్చింది.

లోపల చల్లగా ఉంటుంది. కప్పు మధ్య గవాక్షం నుంచి వెలుగు నేరుగా సమాధి మీద పడుతుంది. చుట్టూ నదిలో అరిగిన గులకరాళ్ళు పరిచారు. పక్కనే భార్య ఫాతియా సమాధి. విదేశీ నాయకులు వచ్చినప్పుడు పూలదండలు ఉంచేది ఇక్కడే. 2025 జూలైలో మన ప్రధాని మోదీ వచ్చి నివాళి అర్పించారు. అంతకుముందు ఘనాకు వచ్చిన భారత ప్రధాని మన పీవీ నరసింహారావు, 1995లో. ఈ మాట చెబితే గైడుకు పీవీ ఎవరో తెలియలేదు, నెహ్రూ మాత్రం తెలుసు. నెహ్రూ, నాసర్, టిటో, సుకర్ణోలతో పాటు అలీనోద్యమానికి మూలస్తంభాల్లో ఎన్‌క్రుమా ఒకడని మనం బడిలో చదువుకున్నదే కదా.

నిజం చెప్పాలంటే ఆ పాలరాయి నన్ను కదిలించలేదు. శుభ్రంగా, హుందాగా ఉంది. అలాంటివి ప్రపంచంలో చాలా ఉన్నాయి. నన్ను అక్కడే నిలబెట్టేసింది మందిరానికి వెనుక, కొంచెం పక్కగా ఉన్న మరో విగ్రహం. దానికి తల లేదు.

అది కూడా ఎన్‌క్రుమాదే. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది, 1958లో, పాత పార్లమెంటు భవనం ముందు నిలబెట్టారు. చేసినవాడు ఇటలీ శిల్పి నికోలా కతౌదెల్లా. బతికున్న నాయకుడికి విగ్రహం ఏమిటని అప్పుడే గొణుగుడు మొదలైంది. 1961లో ఎవరో బాంబు పెట్టారు, బాగు చేయించారు. 1966లో సైన్యం అధికారం చేజిక్కించుకున్న రోజు జనం దాన్ని పడగొట్టి, చెయ్యి విరిచి, తల తెగ్గొట్టారు. మొండెం తర్వాతి కాలంలో ప్రభుత్వానికి చేరింది. తల మాత్రం ఒక పౌరుడి దగ్గర దశాబ్దాల పాటు ఉండి ఆ తర్వాత బయటికి వచ్చింది. ఇప్పుడు ఆ రెండిటినీ ఇక్కడే పెట్టారు. నేను మెచ్చుకున్నది ఏమిటంటే, తలను మొండేనికి అతికించలేదు. మొండెం ఒక దిమ్మె మీద, తల పక్కన వేరే దిమ్మె మీద ఉన్నాయి. ఎప్పుడు, ఎవరు విరగ్గొట్టారో ఒక ఫలకం మీద రాసిపెట్టారు.

విరిగిన విగ్రహాన్ని బాగు చేయించి రంగు వేసి నిలబెట్టటం ఎంతసేపు? లేదా ఎవరి కంటా పడకుండా గిడ్డంగిలో పడేయటం ఎంతసేపు? ఏ ప్రభుత్వమైనా ఆ రెండింట్లో ఒకటి చేసి ఉండేది. వీళ్ళు అలా చేయలేదు. ముందు వైపు బంగారు రంగులో మెరిసే విగ్రహం, వెనుక తల తెగిన విగ్రహం, మధ్యలో ఆ మనిషి ఎముకలు. ఈ మూడూ ఒకే ఆవరణలో ఉండటమే ఈ పార్కు గొప్పదనం. ఫొటోలు తీసుకునేవారిలో చాలామంది ముందు విగ్రహం దగ్గరే ఆగిపోతున్నారు. మీరు వెళితే దయచేసి వెనక్కి వెళ్ళండి.

జనం అంత కసిగా ఎందుకు పడగొట్టారు? ఈ ప్రశ్నకు పార్కులో దొరికే జవాబు పొడిపొడిగా ఉంది. బడులు, ఆసుపత్రులు, టేమా రేవు, వోల్టా నది మీద అకొసొంబో ఆనకట్ట, ఇవన్నీ ఎన్‌క్రుమా చలవే. ఆ ఆనకట్టను 1966 జనవరిలో ప్రారంభించాడు, నెల తిరగ్గానే పదవి పోయింది. కానీ 1958లోనే విచారణ లేకుండా నిర్బంధించే చట్టం తెచ్చాడు. 1964లో దేశంలో ఒకే పార్టీ ఉండాలని శాసించాడు. తనను రాజకీయాల్లోకి ఆహ్వానించిన పార్టీలోని పెద్ద నాయకుడు జె.బి. డాంక్వా 1965 ఫిబ్రవరిలో ఎన్సావాం జైలులో చనిపోయాడు. పైగా కోకో గింజల ధర అంతర్జాతీయ బజారులో పడిపోయింది, దుకాణాల్లో సరుకులు కరువయ్యాయి. డాంక్వా పేరు మా గైడు తనంతట తాను ఎత్తలేదు. నేను అడిగితే మాత్రం దాచకుండా చెప్పాడు, "మా నాన్నగారి వైపు అంతా డాంక్వా మనుషులే" అని కూడా కలిపాడు. ఘనాలో ఈ తగవు ఇంకా సద్దుమణగలేదు. దేశ స్థాపకుడు ఒక్కడేనా, పలువురా అన్నదాని మీద సెలవు రోజే మారిపోతుంటుంది. ఎన్‌క్రుమా పుట్టినరోజు సెప్టెంబరు 21. ఒక ప్రభుత్వం దాన్ని స్థాపక దినంగా జరిపింది, మరో ప్రభుత్వం 2019లో ఆ గౌరవాన్ని అందరి పేరా ఆగస్టు 4కు మార్చింది, 2025లో మళ్ళీ సెప్టెంబరు 21కి తెచ్చారు.

ఇక ఆ దేహం చేసిన ప్రయాణం. తిరుగుబాటు జరిగిన రోజు ఎన్‌క్రుమా దేశంలో లేడు. వియత్నాం యుద్ధం ఆపే రాయబారం మీద హనోయ్ బయలుదేరి బీజింగ్‌లో దిగేసరికి కబురు తెలిసింది. మళ్ళీ స్వదేశంలో అడుగు పెట్టలేదు. గినీ అధ్యక్షుడు సెకూ తూరే ఆయన్ను పిలిచి తనతో సమానంగా సహాధ్యక్షుడివి అన్నాడు. అలా కొనాక్రీలో ఆరేళ్ళు. క్యాన్సరు ముదిరి వైద్యానికి రొమేనియా వెళ్ళి, 1972 ఏప్రిల్ 27న బుకారెస్ట్‌లో కన్నుమూశాడు. శవం కొనాక్రీకి వచ్చింది, అక్కడ రాజ లాంఛనాలతో ఖననం చేశారు. ఘనా అడిగింది, తూరే వెంటనే ఒప్పుకోలేదు. గౌరవం తిరిగి ఇస్తేనే పంపుతానని పట్టుబట్టాడు. చివరకు ఆ జూలైలో ఘనాకు తెచ్చి, పుట్టిన ఊరు ఎన్‌క్రోఫుల్‌లో, తల్లి బతికుండగానే, మట్టి చేశారు. ఇరవై ఏళ్ళు గడిచాక, 1992 జూలై 1న, అప్పటి పాలకుడు రాలింగ్స్ ప్రభుత్వం ఈ పార్కును ప్రారంభించి ఆయన్ను ఇక్కడికి చేర్చింది. అంటే మూడు సమాధులు. రాలింగ్స్ కూడా సైనిక తిరుగుబాటుతో వచ్చినవాడే. 2021లో ఆయన్ను ఖననం చేసింది మాత్రం బర్మా క్యాంపు సైనిక శ్మశానంలో.

ఫాతియా కథ క్లుప్తంగానే చెబుతాను. ఈజిప్టు అమ్మాయి. 1957 డిసెంబరులో అక్రాకు వచ్చి పెళ్ళి చేసుకుంది. తిరుగుబాటు రోజున ముగ్గురు పిల్లలతో కైరోకు వెళ్ళిపోయింది. ఆయన కొనాక్రీలో, ఆమె కైరోలో. 2007లో ఆమె మరణించాక ఇక్కడికి తెచ్చి ఆయన పక్కనే ఖననం చేశారు.

పార్కులో సేవల సంగతికి వస్తే, 2023 జూలైలో మరమ్మతులు ముగించి మళ్ళీ తెరిచినప్పటి నుంచి ఇది బాగా మెరుగుపడిందని మేనల్లుడు అన్నాడు. నేను చూసినంతలోనూ నడక దారులు, మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయి. విదేశీయులకు టికెట్టు స్థానికుల కన్నా చాలా ఎక్కువ, మన తాజ్‌మహల్ దగ్గర లాగే, కనుక సణగటానికి మనకు హక్కు లేదు. గైడును తప్పక తీసుకోండి. గోడల మీది రాతలకన్నా వాళ్ళ మాటల్లోనే ఎక్కువ సరుకు ఉంది. మ్యూజియం చిన్నది. ఫొటోలు, పుస్తకాలు, ఆయన వాడిన వస్తువులు ఉన్నాయి. ఏ దేశాధినేతతో ఎప్పుడు దిగిన ఫొటో అని ఒక్కొక్కటీ చూస్తూ పోతే మా ఆయనకు పొద్దు తెలియలేదు, నాకు కాళ్ళు నొప్పులు పుట్టాయి. బయట ఆయన వాడిన కాడిలాక్ కారు ఉంది. చుట్టూ విదేశీ అతిథులు నాటిన చెట్లున్నా, విగ్రహం ముందు భాగంలో మాత్రం నీడ లేదు. పాలరాయి ఎండను మొహం మీదికి కొడుతుంది. ఉదయం తెరవగానే వెళ్ళటం మేలు. బడి పిల్లల బస్సులు వచ్చాక విగ్రహం దగ్గర నిలబడటానికి చోటుండదు, కానీ వాళ్ళ పాటలు వినదగ్గవే.

పక్కనే ఉన్న ఆర్ట్స్ సెంటర్‌లో కెంటే వస్త్రాలు, డోళ్ళు, చెక్క ముసుగులు అమ్ముతారు. బేరమాడటం సరదా అనుకునేవారికి పండగ. నాకు కాదు, పది నిమిషాల్లో బయటపడ్డాను.

చుట్టుపక్కల చూడదగినవి చాలా ఉన్నా, వీటిలో ఎన్‌క్రుమా కథకు నిజంగా అవసరమైనది జేమ్స్‌టౌన్. పాత రేవు, ఎరుపు తెలుపు చారల దీపస్తంభం, దాని దగ్గరే జేమ్స్ కోట. గాంధీ మార్గం నుంచి నేర్చుకున్న 'పాజిటివ్ యాక్షన్' అనే సమ్మె ఉద్యమానికి 1950 జనవరిలో పిలుపు ఇచ్చినందుకు ఎన్‌క్రుమాను ఈ కోటలోనే బంధించారు. జైల్లో ఉండగానే 1951 ఎన్నికల్లో అక్రా సెంట్రల్ నుంచి నిలబడ్డాడు. పోలైన 23,122 ఓట్లలో 22,780 ఆయనకే పడ్డాయి. గవర్నరు ఫిబ్రవరి 12న విడుదల చేసి, పిలిచి ప్రభుత్వం ఏర్పాటు చేయమన్నాడు. ఆ కోట 2008 దాకా జైలుగానే ఉంది. గోడలు పెచ్చులూడుతున్నాయి, అంతా అస్తవ్యస్తంగా ఉంది, అయినా పాలరాతి మందిరం కన్నా ఇక్కడే నాకు మనిషి దొరికాడు. ఒంటరిగా వెళ్ళవద్దు. స్థానిక యువకులు గైడులమంటూ వెంటపడతారు, ముందే ధర మాట్లాడుకుని ఒకరిని పెట్టుకుంటే మిగతావారు తప్పుకుంటారు.

ఇంకో వైపు వెళితే నల్ల నక్షత్రం కూడలి, అంటే ఇండిపెండెన్స్ స్క్వేర్. 1961లో బ్రిటిష్ రాణి రాక కోసం సిద్ధం చేసిన కవాతు మైదానం. జాతీయ దినాల్లో తప్ప ఖాళీ సిమెంటు ఎడారి, కారులోంచి చూస్తే చాలు. అక్కడికి దగ్గరలోనే ఓసూ కోట. 17వ శతాబ్దంలో డెన్మార్క్ వాళ్ళు కట్టిన బానిస వ్యాపారపు కోట, తర్వాత బ్రిటిష్ గవర్నరు నివాసం, స్వాతంత్ర్యం తర్వాత ప్రభుత్వ పీఠం. 1948 ఫిబ్రవరి 28న పింఛన్లు, ఉద్యోగాలు అడగటానికి ఊరేగింపుగా ఈ కోట వైపు వస్తున్న మాజీ సైనికుల మీద పోలీసు అధికారి కాల్పులు జరిపాడు. ముగ్గురు పోయారు: సార్జెంట్ అజెటే, కార్పొరల్ అటిపో, ప్రైవేట్ ఒడార్టే లాంప్టే. ఇండియా మీదుగా బర్మా వెళ్ళి జపాను సైన్యంతో పోరాడి వచ్చిన పశ్చిమాఫ్రికా దళాల వాళ్ళు. ఊరంతా అట్టుడికింది, ఎన్‌క్రుమా, డాంక్వాతో సహా ఆరుగురు నాయకులను పట్టుకెళ్ళారు. అప్పటికి ఆ ఇద్దరూ ఒకే జట్టు.

కోట దగ్గరే ఆసొమ్‌ద్వీ పార్కు ఉంది. పదవిలో ఉండగానే 2012 జూలైలో చనిపోయిన అధ్యక్షుడు అట్టా మిల్స్ సమాధి అక్కడుంది. ఎన్‌క్రుమా పార్కు చూశాక ఇది చూస్తే వెలవెలబోయినట్టు ఉంటుంది. సమయం ఉంటేనే వెళ్ళండి. అంతకన్నా కాంటోన్మెంట్స్‌లోని డు బోయిస్ స్మారక కేంద్రం ఎంతో మేలు. అమెరికా నల్లజాతి మేధావి డబ్ల్యు.ఈ.బి. డు బోయిస్ ఎన్‌క్రుమా పిలుపు మీద 1961లో వచ్చి, ఆ ఇంట్లో ఉండి, 1963 ఆగస్టు 27న పోయాడు. ఆయన్నూ మొదట కోట దగ్గర ఖననం చేసి, తర్వాత 1986లో ఇంటి ఆవరణకు మార్చారు. ఈ ఊళ్ళో పెద్దవాళ్ళ సమాధులకు స్థిరవాసం లేదు! నీడ, నిశ్శబ్దం, పుస్తకాలు ఉన్నాయి. ఇంట్లో మనిషి ఇప్పుడే లేచి వెళ్ళినట్టుంటుంది.

లెగాన్‌లోని విశ్వవిద్యాలయంలో గాంధీ విగ్రహం చూడాలని అడిగేవారికి ఒక మాట. 2016లో అప్పటి మన రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఆవిష్కరించిన ఆ విగ్రహాన్ని 2018 డిసెంబరులో తీసేశారు. దక్షిణాఫ్రికాలో ఉన్న తొలినాళ్ళలో గాంధీ నల్లవారి గురించి రాసిన మాటలు చూపించి అధ్యాపకులు, విద్యార్థులు పట్టుబట్టారు. గాంధీ నుంచి నేర్చుకున్న నాయకుడి దేశంలోనే ఇది జరగటం మొదట నాకు రుచించలేదు. తల తెగిన ఎన్‌క్రుమాను చూసి వచ్చాక మాత్రం, సొంత నాయకుణ్ణే ఇన్ని ప్రశ్నలు అడిగినవాళ్ళు పరాయివాడిని అడగకుండా ఎలా ఉంటారనిపించింది.

బస గురించి. అక్రాలో హోటళ్ళు మనకు అలవాటైన ధరల కన్నా ప్రియం. డిసెంబరులో అమెరికా, ఐరోపాల నుంచి ఆఫ్రికా మూలాలవారు వేలాదిగా దిగుతారు కనుక మరీ ప్రియం. ఓసూలో ఉంటే పార్కు, కోట, జేమ్స్‌టౌన్ అన్నీ దగ్గర, తినుబండారాలకు లోటు లేదు, కానీ రాత్రి రెండింటి దాకా పాటల హోరు తప్పదు. ఎయిర్‌పోర్ట్ రెసిడెన్షియల్, కాంటోన్మెంట్స్ ప్రాంతాలు ప్రశాంతం, ఖర్చు ఎక్కువ. పార్కు దగ్గరే హై స్ట్రీట్‌లో ఉండాలన్న ఆలోచన వద్దు. అదంతా బ్యాంకులూ కార్యాలయాలూ ఉన్న చోటు, సాయంత్రమయ్యేసరికి నిర్మానుష్యం. మేము మొదట దిగిన ఒక హోటల్లో కరెంటు పోయినప్పుడల్లా జనరేటరు మా గది కిటికీ కిందే మోగేది. గది మార్చమంటే రేపు అన్నారు, మర్నాడు మళ్ళీ రేపు అన్నారు. ఓసూలో ఒక కుటుంబం నడిపే చిన్న అతిథి గృహానికి మారాం. గది చిన్నదే, కానీ ఇంటావిడ ఉదయం మాతో పాటు కూర్చుని రోజుకు ఏం చూడాలో, ఎంత ఇవ్వాలో చెప్పేది. అందువల్ల ఎంత డబ్బు మిగిలిందో! గది ఖరారు చేసుకునేముందు జనరేటరు ఉందా అనే కాదు, ఎక్కడుంది అని కూడా అడగండి.

శాకాహారులకు అక్రా కష్టమేమీ కాదు. 'రెడ్ రెడ్' అడగండి. అలసందలు పామాయిల్‌లో ఉడికించి, వేయించిన పండు అరటి ముక్కలతో పెడతారు. కొన్నిచోట్ల అందులో చేపల పొడి వేస్తారు, ముందే చెప్పాలి. 'వాచే' అంటే అన్నం, అలసందలు కలిపి జొన్న ఆకులతో వండినది, రంగు ఎర్రగా వస్తుంది. అయితే దానితో ఇచ్చే 'షిటో' అనే నల్ల కారంలో ఎండు రొయ్యలుంటాయి. అల్లం కారం పట్టించి వేయించిన అరటి ముక్కలు, కెలెవెలె, సాయంత్రం రోడ్డు పక్కన వేడివేడిగా దొరుకుతాయి, వాటికోసమైనా మళ్ళీ వెళ్ళవచ్చు. పులియబెట్టిన మొక్కజొన్న ముద్ద, కెంకే, మా ఆయనకు నచ్చింది, నాకు ఆ పులుపు పడలేదు. భారతీయ భోజనశాలలు ఓసూలో, ఎయిర్‌పోర్ట్ వైపు ఉన్నాయి, సింధీ వ్యాపారులు తరాలుగా ఉన్న ఊరు కదా. పప్పు తినాలనిపిస్తే దొరుకుతుంది, మన పప్పు మాత్రం కాదు.

తిరగటానికి ఫోనులో పిలిచే ట్యాక్సీలు చవక. డ్రైవరు ముందు ఫోను చేసి ఎక్కడికి, నగదేనా అని అడుగుతాడు, కార్డు అంటే రాకపోవచ్చు. ఇక్కడి డబ్బు సెడీలు, చిల్లరగా దగ్గర ఉంచుకోండి. ట్రోట్రో అనే చిన్న బస్సులు మరీ చవక. 'సర్క్, సర్క్' అని అరుస్తున్నారంటే అది క్వామే ఎన్‌క్రుమా సర్కిల్‌కు వెళ్ళే బండి. ఆయన పేరు పూర్తిగా పలికే తీరిక అక్కడెవరికీ లేదు.

చివరగా ఎన్‌క్రోఫుల్. అక్రా నుంచి పడమరగా సుమారు 300 కిలోమీటర్లు, కేప్ కోస్ట్, టకొరాడి మీదుగా. ఒక్క రోజులో వెళ్ళి రావటం అయ్యే పని కాదు, టకొరాడిలో రాత్రి ఆగాలి. అక్కడున్నది చిన్న పల్లె, ఒక విగ్రహం, 1972 నుంచి 1992 దాకా ఆయన ఉన్న పాత సమాధి. చూడటానికి అరగంట కూడా పట్టదు. కేవలం దానికోసం అంత దూరం వెళ్ళమని ఎవరికీ చెప్పను. కానీ కేప్ కోస్ట్, ఎల్మినా బానిస కోటలు చూడటానికి ఎలాగూ ఆ దారిలో సగం దూరం వెళతారు, ఇంకొంచెం ముందుకు పోతే నీటి మీద కర్ర స్తంభాలపై నిలిచిన న్జులేజో గ్రామమూ కలుస్తుంది. ఆ మూడూ కలిపి పెట్టుకుంటే ఎన్‌క్రోఫుల్ దారిలోదే. ఖాళీ అయిన సమాధిని ఊరివాళ్ళు ఇప్పటికీ బాగానే చూసుకుంటున్నారు. "ఆయన మా దగ్గరే ఉండాల్సింది" అని అక్కడ తాళం తీసిన పెద్దాయన అన్నాడు. మా ఆయన వాదనకు దిగబోతే చెయ్యి పట్టి ఆపాను.

ఒక్క పూటే ఉన్నవారు పార్కు, జేమ్స్‌టౌన్ చూసుకోండి. పూర్తి రోజు ఉంటే డు బోయిస్ ఇల్లు కలపండి, కవాతు మైదానం వదిలేయండి. మే, జూన్ నెలల వానలు తప్పించుకుంటే మంచిది. ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకుంటేనే, టీకాకు రుజువుగా ఇచ్చే పసుపు కార్డు చెల్లుతుంది. ఘనాలో దిగేటప్పుడే కాదు, తిరిగి ఇండియాలో దిగేటప్పుడు కూడా అడుగుతారు. పాస్‌పోర్టులోనే పెట్టుకోండి, సూట్‌కేసులో కాదు.